ఊగేది బండా, ట్రైలరా? పికప్ ట్రక్కుల స్వే బార్లూ సస్పెన్షన్ మార్పులూ

డాలస్ పరిసరాల్లో పికప్ ట్రక్కులు నడిపే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాము. తడబాట్లు మాత్రమే తీసివేశాము.

అందరికీ నమస్కారం. ఈ సమావేశానికి నన్ను పిలిచినప్పుడు మీలో చాలామంది ముందుగానే పంపిన ప్రశ్న ఒక్కటే: “వెనక స్వే బార్ వేయిస్తే ట్రైలర్ ఊగడం ఆగుతుందా?” ఆగదు. ఇంత తొందరగా చెప్పేస్తే ఇక కూర్చోవడం దేనికి అన్నట్టు ముందు వరుసలో ఒకాయన వాచీ చూసుకుంటున్నారు. కూర్చోండి సార్. ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి నాకు ఒక స్వే బార్ ఖరీదూ, ఐ-45 రహదారి మీద గుండె గొంతులోకి వచ్చిన ఒక నిమిషమూ ఖర్చయ్యాయి. మీకు ఆ ఖర్చు తప్పించాలనే ఇక్కడికి వచ్చాను.

జరిగింది ఇది. నాది హాఫ్ టన్ను పికప్, అంటే మామూలు ఇళ్ళలో ఉండే పూర్తి సైజు రకం, వెనక తగిలించేది సుమారు 6,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్, చక్రాల మీది చిన్న ఇల్లన్నమాట. మొదటి వేసవిలోనే గమనించాను, పద్దెనిమిది చక్రాల లారీ పక్కనుంచి దాటినప్పుడల్లా ట్రైలర్ తోక ఆడించేది. ‘ఊగుతోంది’ అని ఒక దుకాణంలో చెప్పాను. ఊగడాన్ని ఇంగ్లీషులో ‘స్వే’ అంటారు కదా, వారు ‘స్వే బార్’ చూపించారు. పేరులోనే మందు ఉన్నట్టు కనిపించింది, కొన్నాను, ఇంటి ముందు డ్రైవ్‌వేలో పడుకొని నేనే బిగించుకున్నాను. దుకాణం వారిని నేను తప్పుపట్టను, అడిగిందే వారు ఇచ్చారు. ఆ తరవాత కుటుంబంతో గాల్వెస్టన్ బయలుదేరాము. కార్సికానా దాటిన తరవాత పక్కగాలి కొట్టింది, అదే సమయానికి ఒక లారీ దాటింది, ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది, ఒక్కొక్క ఊపూ ముందటి ఊపు కన్నా పెద్దదయింది. బ్రేకు తొక్కలేదు, స్టీరింగు తిప్పలేదు, యాక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేసే కంట్రోలర్ మీట ఒక్కటే చేత్తో నొక్కి పట్టాను. అది పనిచేసింది కాబట్టి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. కొత్త స్వే బార్ మాత్రం బండి కింద మెరుస్తూ, తనకేమీ సంబంధం లేనట్టు ఉండిపోయింది.

నిజానికి దానికి సంబంధం లేదు. అది చేసే పని వేరు. కాబట్టి ముందుగా ‘ఊగడం’ అనే ఒక్క మాట కింద మనం కలిపేస్తున్న కదలికలను విడదీసుకుందాం. మలుపులో బండి శరీరం బయటి వైపుకు ఒరుగుతుంది, అది ఒకటి. బ్రేకు వేస్తే ముక్కు దించుతుంది, వెనక బరువు వేస్తే తోక కుంగుతుంది, అది రెండోది. వంతెన అతుకు మీద నుంచి దిగిన తరవాత రెండు మూడు సార్లు లేచి పడుతుంది, అది మూడోది. వెనక కట్టిన ట్రైలర్, దాన్ని బండికి తగిలించే ఉక్కు గుండు, అంటే బాల్ దగ్గర ఇరుసు కట్టుకున్నట్టు కుడి ఎడమలకు తిరుగుతుంది, అది నాలుగోది. జ్వరం, తలనొప్పి, నడుంనొప్పి అన్నిటికీ ‘ఒంట్లో బాగాలేదు’ అనే ఒక్క మాటే చెబితే వైద్యుడు ఏమి రాసిస్తాడు? ఈ నాలుగింటిలో స్వే బార్ పట్టించుకునేది మొదటిదాన్ని మాత్రమే. రెండోది స్ప్రింగుల పని, మూడోది షాక్ అబ్జార్బర్ల పని, నాలుగోది ప్రధానంగా ట్రైలర్‌లో బరువు ఎక్కడ పెట్టామన్న దానికీ, ఎంత వేగంతో వెళ్తున్నామన్న దానికీ సంబంధించినది.

బార్ చేసే పని

స్వే బార్ అంటే ఏమిటి? ఒక ఉక్కు కడ్డీ, రెండు చివరలూ వంచి చేతుల్లాగా చేసినది. మధ్య భాగం రబ్బరు బుష్‌లలో తిరగడానికి వీలుగా బిగించి ఉంటుంది, చేతుల కొసలు చిన్న లింకుల ద్వారా అటొక చక్రం వైపు, ఇటొక చక్రం వైపు కలుస్తాయి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే, అంటే స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు, కడ్డీ బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, ఏ ఒత్తిడీ పడదు. మలుపులో బయటి చక్రం పైకి నొక్కుకొని లోపలి చక్రం కిందికి వేలాడితే, కడ్డీ రెండు చివరలూ ఎదురెదురు దిశల్లో తిరగవలసి వస్తుంది, మెలి పడుతుంది. తడి బట్ట పిండేటప్పుడు మన చేతులు ఎలా తిరుగుతాయో అలాగన్నమాట. ఉక్కు మెలికను ఒప్పుకోదు కాబట్టి ఎదురు తిరుగుతుంది, ఆ ఎదురుతోనే ఒరుగు తగ్గుతుంది. ఇంతే దాని పని. ఈ ఆలోచనకు పేటెంటు తీసుకున్నది కెనడాలోని ఫ్రెడెరిక్టన్ ఊరికి చెందిన స్టీఫెన్ కోల్‌మన్, 1919లో. శతాబ్దం దాటినా సూత్రం మారలేదు.

ఇప్పుడు కొంచెం లెక్క, భయపడకండి. కడ్డీ మెలికకు ఎదురు నిలిచే శక్తి దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఒక అంగుళం కడ్డీ తీసి అంగుళం మీద ఇంకొక ఎనిమిదో వంతు ఉన్న కడ్డీ వేస్తే, చూపుకు పెద్ద తేడా ఉండదు, కానీ గట్టిదనం సుమారు 60 శాతం పెరుగుతుంది. అందుకే దుకాణంలో “ఇంకొక సైజు పెద్దది వేయండి, పోయేదేముంది” అన్న మాట చాలా పెద్ద మాట. అదే లెక్కలో ఇంకొక వింత ఉంది. కడ్డీ మధ్యలో సగం వ్యాసం మేర బోలుగా చేసేస్తే బరువు 25 శాతం తగ్గుతుంది, గట్టిదనం మాత్రం 6 శాతం పైచిలుకే తగ్గుతుంది. మెలిక భారమంతా పై పొరలే మోస్తాయి కాబట్టి. బోలు బార్ అనగానే నాసిరకం అనుకోవద్దని చెప్పడానికి ఇది చెబుతున్నాను. ఇక కొన్ని బార్లకు చేతుల కొసన రెండు మూడు రంధ్రాలు ఉంటాయి. లింకును లోపలి రంధ్రానికి మారిస్తే చేయి పొట్టిదవుతుంది, బార్ గట్టిపడుతుంది. 12 అంగుళాల చేయి 10 అంగుళాలైతే, మెలిక వరకు చూసుకుంటే 44 శాతం గట్టిపడినట్టే.

సరే, గట్టిపడితే మంచిదే కదా? ఇక్కడే ఆగాలి. బార్ బరువు మార్పిడిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపదు. ఒక 6,000 పౌండ్ల బండి, గురుత్వ కేంద్రం నేలకు 28 అంగుళాల ఎత్తున ఉంది, చక్రాల మధ్య వెడల్పు 68 అంగుళాలు అనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.3 వంతు బలంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల మీదనుంచి బయటి చక్రాల మీదికి సుమారు 740 పౌండ్లు మారుతుంది. బార్ ఉన్నా దాదాపు అంతే, లేకున్నా దాదాపు అంతే. ఎత్తు, వెడల్పు, వేగం ఆ అంకెను నిర్ణయిస్తాయి. మరి బార్ మార్చేది ఏమిటి? ఆ 740 పౌండ్లలో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనక ఇరుసు ఎంత మోయాలి అన్న పంపకాన్ని. వెనక బార్ గట్టిది వేస్తే వెనక బయటి టైరు మీద ఎక్కువ పడుతుంది, లోపలి టైరు తేలిపోతుంది. టైరు పట్టు బరువుతో సమానంగా పెరగదు, ఒక ఎద్దు మీదే భారమంతా మోపితే జత ఎద్దుల బలం రానట్టు. ఫలితం ఏమిటంటే, మొత్తం మీద వెనక పట్టు తగ్గుతుంది. ఖాళీ బెడ్‌తో, అంటే వెనక సామాను తొట్టిలో ఏమీ లేకుండా, వాన పడిన రాంప్ మీద, ఫ్రీవే దిగుతున్నప్పుడు ఇది ఎంత ముఖ్యమో మీరే ఊహించుకోండి. ఖాళీ పికప్‌కు వెనక పట్టు అసలే తక్కువ.

చాలా హాఫ్ టన్ను పికప్‌లకు కంపెనీ నుంచి ముందు బార్ ఉంటుంది, వెనక ఉండదు. అది డబ్బు మిగుల్చుకోవడం అని నేను కూడా ఒకప్పుడు అనుకున్నాను. డబ్బు మిగలదని కాదు, కానీ కారణం అదొక్కటే కాదు. వెనక కమాన్ కట్టలున్న బండ్లలో, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులున్న వాటిలో, ఆ కట్టలే ఒరుగుకు కొంత అడ్డుపడతాయి. ముందు వైపు గట్టిగా, వెనక వైపు మెత్తగా ఉంచితే, పట్టు తప్పే సమయం వచ్చినప్పుడు ముందు చక్రాలే మొదట జారతాయి, డ్రైవరు కంగారుపడి కాలు తీస్తే బండి దానంతట అది సర్దుకుంటుంది. తోక మొదట జారితే అలా సర్దుకోదు. పైగా ఈ దేశంలో 2011 సెప్టెంబరు నుంచి తేలికపాటి కొత్త బండ్లన్నిటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, బండి అదుపు తప్పబోతే తనే బ్రేకులు వేసి సరిచేసే కంప్యూటరన్నమాట. ఆ కంప్యూటరుకు కంపెనీ బార్‌లూ కంపెనీ ఎత్తూ తెలుసు, మనం కొని వేసినది తెలియదు.

అయితే వెనక బార్ ఎవరికీ అక్కరలేదా? అలా అనడం కూడా తప్పు. బెడ్‌లోకి దించుకునే స్లైడ్-ఇన్ క్యాంపర్, అంటే పడుకోవడానికి వీలైన గది లాంటిది తీసుకోండి. అది బండి పైకప్పు మీదకు లేచి ఉంటుంది, దాని బరువంతా ఎత్తున ఉంటుంది. పెట్రోలు బంకులోకి తిరిగేటప్పుడు, పక్కగాలిలో, వంపు రోడ్డు మీద ఆ బండి పడవలా ఒరుగుతుంది. అక్కడ వెనక బార్ కచ్చితంగా పనిచేస్తుంది, అది సరైన రోగానికి సరైన మందు. నిచ్చెనల రాక్, ఎత్తైన పనిముట్ల పెట్టెలు ఎప్పుడూ మోసే పని బండ్లకూ అంతే. రామ్ 1500కు 2009 మోడల్ నుంచి వెనక కమాన్ కట్టల బదులు చుట్టలు తిరిగిన కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, టొయోటా టుండ్రాకు 2022 మోడల్ నుంచి. కాయిల్ స్ప్రింగులు కమాన్ కట్టల కన్నా చక్రాలకు దగ్గరగా కాక లోపలికి ఉండవచ్చు, అవి ఇరుసును పట్టి ఉంచవు కూడా, కాబట్టి అలాంటి బండిలో ఎత్తు బరువు మోసేవారు కంపెనీ బార్ ఉందో లేదో ముందు పడుకొని చూడండి. ఉన్నదాన్ని మార్చడం వేరు, లేనిచోట వేయడం వేరు.

రాళ్ళ దారుల్లోకి వెళ్ళేవారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఒక చక్రం గుంటలోకి దిగాలి, ఇంకొకటి రాయి మీదికి ఎక్కాలి, బార్ ఆ స్వేచ్ఛను అడ్డుకుంటుంది. అందుకే రామ్ పవర్ వ్యాగన్‌లోనూ, జీప్ గ్లాడియేటర్ రూబికాన్‌లోనూ ముందు బార్‌ను బటన్ నొక్కి విడదీసుకునే ఏర్పాటు ఇచ్చారు. తారు రోడ్డు మీద ఒక వైపు గుంట తగిలినా బార్ ఆ కుదుపును రెండో వైపుకు పంపిస్తుంది, బండి తల ఆడించినట్టు అవుతుంది. బార్ పెద్దదైతే ఆ తలాడింపు కూడా పెద్దదే.

బరువు ఎక్కడికి పోతుంది

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ బండి డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద పసుపు రంగు గుర్తున్న టైరు స్టిక్కరు ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదు అని దాని మీద ఒక అంకె ఉంటుంది. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. సగం కూడా లేరు. ప్రకటనల్లో 10,000 పౌండ్లు లాగుతుందని చూసి కొన్నవారందరూ ఇంటికి వెళ్ళగానే ఆ స్టిక్కరు చూడండి. ఉదాహరణకు అక్కడ 1,650 ఉందనుకుందాం. నలుగురి కుటుంబం 560 పౌండ్లు. బెడ్ కవరూ, సామానూ కలిపి 200. ట్రైలర్‌ను తగిలించే హిచ్ సామగ్రి 90. ట్రైలర్ నొగ బండి మీద మోపే బరువు 800. మొత్తం సరిగ్గా 1,650. ఇడ్లీ కుక్కరూ, గ్రైండరూ, ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచీ ఇంకా ఎక్కించనే లేదు. వాటిని వదిలిపెట్టి మనవాళ్ళు క్యాంపింగుకు వెళ్ళరని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ ‘నొగ’ అన్నాను. ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చి బాల్ మీద కూర్చునే భాగాన్ని ఇక్కడ టంగ్ అంటారు, కానీ నాకు నొగ అన్న మాటే నప్పినట్టు అనిపిస్తుంది. ఎడ్లబండి తోలినవారు ఈ హాలులో ఒకరిద్దరైనా ఉండకపోరు. బస్తాలన్నీ వెనక వేస్తే ఏమవుతుంది? కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడ తాళ్ళు బిగుసుకుంటాయి. అన్నీ ముందు వేస్తే కాడి మెడల మీద అణుగుతుంది, ఎడ్లు నడవలేవు. అందుకే మా తాతగారు బస్తాలు వేసిన తరవాత నొగ పట్టుకొని ఒకసారి పైకెత్తి చూసేవారు, చేతికి కొంచెం బరువు తగలాలి, కొంచెమే. ట్రావెల్ ట్రైలర్‌కు ఆ ‘కొంచెం’ ఎంత అంటే, ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. అంతకు తగ్గితే తోక ఆడిస్తుంది. మా తాతగారికి శాతాలు తెలియవు, చేతికి తెలుసు.

నా గాల్వెస్టన్ ప్రయాణంలో జరిగింది అదే. ట్రైలర్ బరువు 6,000, నొగ బరువు 660, అంటే 11 శాతం, బాగానే ఉంది. కానీ బయలుదేరే ముందు ఇంట్లోనే మంచినీళ్ళ ట్యాంకు నింపాను. 40 గ్యాలన్లు, సుమారు 334 పౌండ్లు. ఆ ట్యాంకు నా ట్రైలర్‌లో ఇరుసుకు ఆరు అడుగులు వెనక ఉంది, బాల్ ఇరుసుకు పదహారు అడుగులు ముందు ఉంది. తులాభారం లెక్క వేస్తే నొగ మీదనుంచి 125 పౌండ్లు లేచిపోయింది. మిగిలింది 535, మొత్తం బరువేమో 6,334కు పెరిగింది. అంటే ఎనిమిదిన్నర శాతం కూడా లేదు. నీళ్ళు గాల్వెస్టన్‌లో దొరకవా? ఈ ప్రశ్న మా ఆవిడ అప్పుడే అడిగింది. తరవాతి వేసవిలో ట్యాంకు ఖాళీగా వెళ్ళాము, నాలుగు మైళ్ళు వేగం తగ్గించాము, స్వే నివారణ ఉన్న వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే బరువును ఇరుసులకు పంచే హిచ్ వేయించాను, అదే రోడ్డు మీద అదే లారీలు దాటినా నేను సంగీతం వింటూ నడిపాను.

ఇప్పుడు ఎయిర్ బ్యాగుల గురించి. ప్రమాదంలో ముఖం ముందు తెరుచుకునేవి కావు, వెనక ఇరుసుకూ చట్రానికీ మధ్య పెట్టే గాలి స్ప్రింగులు. నొగను బాల్ మీదికి దించగానే బండి తోక కుంగుతుంది, హెడ్‌లైట్లు చెట్ల మీద పడతాయి, ఎదుటివారు తిడతారు. బ్యాగుల్లో గాలి పట్టిస్తే తోక లేస్తుంది, బండి సమంగా నిలబడుతుంది, ఫోటోలో చక్కగా ఉంటుంది. సమస్య తీరిందా? లెక్క చూద్దాం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 145 అంగుళాలు, వెనక ఇరుసు నుంచి బాల్ వరకు 60 అంగుళాలు అనుకోండి. 800 పౌండ్ల నొగ దించితే, వెనక ఇరుసు ఊయల బల్ల ఇరుసులా మధ్యలో నిలిచి ముందు ఇరుసును పైకెత్తుతుంది. ముందు చక్రాల మీదనుంచి సుమారు 330 పౌండ్లు లేచిపోతాయి. ఆ 330, ఈ 800 కలిసి 1,130 పౌండ్లు వెనక ఇరుసు మీద పడతాయి. ఇప్పుడు గాలి పట్టించి తోక లేపారు. ముందు చక్రాల మీదికి ఆ 330 తిరిగి వచ్చిందా? రాలేదు. బండి చూడటానికి సమంగా ఉంది, స్టీరింగు మాత్రం తేలికగానే ఉంది, బ్రేకు వేసేటప్పుడు ఎక్కువ పని చేయవలసిన ముందు టైర్లు ఇంకా తేలికగానే ఉన్నాయి. కుంగుబాటు కనిపించేది కాబట్టి జాగ్రత్తగా నడిపేవాళ్ళం, ఇప్పుడు ఆ హెచ్చరిక కూడా పోయింది. నన్నడిగితే, ఈ మొత్తం వ్యాపారంలో నాకు నచ్చనిది ఇదొక్కటే.

ముందు బరువును తిరిగి తెచ్చేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దాని రెండు స్ప్రింగు కడ్డీలు మీటల్లా పనిచేసి, వెనక ఇరుసు మీద పడినదానిలో కొంత ముందు ఇరుసుకూ, కొంత ట్రైలర్ ఇరుసులకూ పంచుతాయి. మట్టి మోసే చేతిబండి పిడులు పట్టుకొని పైకెత్తినట్టు అనుకోండి. దానితోపాటు బ్యాగులు వాడకూడదని కాదు, బెడ్‌లో సిమెంటు బస్తాలు మోసే రోజున బ్యాగులు చక్కని సాధనం. కానీ ట్రైలర్ కట్టేటప్పుడు ముందు హిచ్ సరిచేసుకోవాలి, గాలి తరవాత. గాలి ముందు పట్టిస్తే హిచ్ కడ్డీలు చేయవలసిన పని తగ్గిపోవచ్చు.

కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయించడం, ఇరుసు చట్రానికి కొట్టుకోకుండా ఆపే గట్టి రబ్బరు బంప్ స్టాపులు పెట్టడం, ఇవన్నీ ఇదే కుటుంబం. విజయవాడ ఆటోనగర్‌లో మన లారీలకు పట్టీ వేయించడం చూసి పెరిగినవారికి ఇక్కడ యాడ్-ఎ-లీఫ్ అనే ఈ అదనపు పట్టీ కొత్తేమీ కాదు. పట్టీ వేసినందువల్ల ఖాళీ బండి గట్టిగా ఎగురుతుంది, ఎందుకంటే పట్టీని బరువు లేనప్పుడు తీసి పక్కన పెట్టలేము. బ్యాగుల్లో గాలి తగ్గించుకోవచ్చు, కనీసంగా చెప్పిన ఐదు పీఎస్ఐ వంటి అంకె కన్నా తగ్గించకూడదు, రబ్బరు మడత పడి నలిగిపోతుంది. కానీ వీటిలో ఏది వేయించినా, మళ్ళీ చెబుతున్నాను, ఏది వేయించినా తలుపు మీది అంకె మారదు. ఇరుసు అదే, బేరింగులు అవే, బ్రేకులు అవే, టైర్లు అవే, చట్రం అదే.

షాకుల గురించి రెండు మాటలు చాలు. స్ప్రింగు బరువు మోస్తుంది, షాక్ ఆ స్ప్రింగు ఊపును మింగి వేడిగా మార్చి బయటికి వదిలేస్తుంది. మామూలు షాక్ బరువు మోయదు. కాబట్టి తోక కుంగిందని షాకులు మార్చేవారు డబ్బు పారేసుకుంటున్నారు. వంతెన అతుకు దాటిన తరవాత బండి ఒకసారి లేచి కుదురుకోకుండా ఇంకా ఊపుతూ ఉంటే, షాక్ ఒంటి మీద నూనె కారిన మరక ఉంటే, అప్పుడు మార్చండి. అధిక పీడనంలో నైట్రోజన్ నింపిన మోనోట్యూబ్, అంటే ఒకే గొట్టం ఉన్న రకం, టెక్సాస్ ఎండలో ట్రైలర్ లాగేవారికి ఇచ్చే ఖరీదుకు తగిన ఫలితం ఇస్తుంది, లోపలి నూనె తొందరగా నురగెత్తదు. పాత షాకులు తీసి కొత్తవి వేస్తే వచ్చిన తేడా చూసి, స్వే బార్ కొనాలన్న ఆలోచన మానుకున్నవారిని నేను ఎరుగుదును.

ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ల గురించి నేను ఎక్కువ మాట్లాడను, వయసు తేడా వచ్చి గొడవలవుతాయి. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి బండి పల్టీ కొట్టే గుణం అంచనా వేస్తారు. సగం వెడల్పు 34 అంగుళాలు, ఎత్తు 29 అంగుళాలు అనుకుంటే, 34ను 29తో భాగిస్తే 1.17. రెండు అంగుళాలు లేపి 34ను 31తో భాగిస్తే 1.10. ఆ తేడాను స్వే బార్ తిరిగి తెచ్చిపెట్టలేదు, ఒరుగు తగ్గించి తేడా లేనట్టు అనిపించేలా చేయగలదు. లిఫ్ట్ చేసినవారు చక్రాల అలైన్‌మెంటూ, హెడ్‌లైట్ల దిశా సరిచేయించుకోండి, అంతే.

బిగించుకునేవారికి కొన్ని జాగ్రత్తలు. ఇరుసు మీద కూర్చునే బార్ అయితే, క్లాంపు కింద బ్రేకు గొట్టం నలిగిందేమో చేత్తో తడిమి చూడండి. నేను ఒకసారి తడమలేదు, కనిపెట్టిన మెకానిక్కుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. బుష్‌ల నట్లను జాక్ మీద వేలాడుతున్నప్పుడు కాదు, చక్రాలు నేల మీద నిలిచి బండి బరువు పడిన తరవాతనే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి తొందరగా చిరుగుతుంది. పాలీయురిథేన్ బుష్‌లు గట్టివి, కానీ గ్రీజు లేకపోతే పాత తలుపులా కిర్రుమంటాయి. చిన్న గుంటల్లో టక్ టక్ మని చప్పుడు వస్తే ముందుగా లింకులనే అనుమానించండి. కమాన్ కట్ట విప్పితే దాన్ని ఇరుసుకు బిగించే యూ-బోల్టులు కొత్తవే వేయండి, ఒకసారి సాగినది మళ్ళీ అంత పట్టు ఇవ్వదు.

ప్రశ్నలు

వారంటీ పోతుందా అని ఒకరు అడుగుతున్నారు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేయకూడదు. కానీ ఆ భాగం వల్లనే చెడిందని వారు చూపగలిగితే, ఆ మరమ్మతు వరకు నిరాకరించవచ్చు. బార్ వేస్తే ఏసీ వారంటీ పోదు, వెనక ఇరుసు దగ్గర పగులు వస్తే మాత్రం వాదన తప్పదు. రసీదులు దాచుకోండి.

నెల్లూరులో తమ్ముడికి ఇసుజు వి-క్రాస్ ఉందట, మామిడి పెట్టెలు ఎత్తుగా పేర్చి నడుపుతాడట, బార్ పంపించమంటారా అని ఒక అక్కగారు అడిగారు. ఆ బండి మన తడ దగ్గరి శ్రీ సిటీలోనే తయారవుతుంది, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. పంపించవద్దమ్మా. అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చే మార్పులు చేయకూడదంటుంది, ఏది చేసినా ముందు అక్కడి రవాణా కార్యాలయంలో అడగాలి. అంతకన్నా, ఒక వరుస పెట్టెలు తగ్గించి రెండు ట్రిప్పులు వేయమనండి. ఎత్తు తగ్గితే ఒరుగు తగ్గుతుంది, దానికి ఏ బార్ సాటిరాదు.

చివరి ప్రశ్న, ఇదంతా ఇంట్లో ఎలా తెలుసుకోవాలి అని. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు అనే బండ్లు తూచే కాటా ఉంటుంది, ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేరువేరుగా తూచి కాగితం ఇస్తుంది. బండి ఒక్కటే ఒకసారి, ట్రైలర్ కట్టి హిచ్ కడ్డీలు వేయకుండా ఒకసారి, కడ్డీలు వేసి ఒకసారి తూచండి. మూడు కాగితాల్లో ముందు ఇరుసు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, ఎంత లేచిపోయిందో, ఎంత తిరిగి వచ్చిందో తెలిసిపోతుంది. ఎంత తిరిగి రావాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. స్కేలు దాకా వెళ్ళలేనివారు ముందు చక్రం పైన ఫెండరు అంచు నేలకు ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలవండి. నా బండీ ట్రైలరూ బయట పార్కింగులోనే ఉన్నాయి, టేపు జేబులో ఉంది. టీ తాగి రండి, ఇంకా వెలుతురు ఉంది, నొగ దించకముందు ఒకసారి, దించాక ఒకసారి కొలిచి చూపిస్తాను. నీళ్ళ ట్యాంకు ఖాళీగానే ఉంది, వచ్చేముందు మా ఆవిడ చూసింది.